మా సార్ రిజిస్టరు

మ్యాథ్స్‌లో పీహెచ్‌డీ చేశానని చెబితే ఇప్పటికీ చాలామంది మొదట అడిగేది ఒకటే, "లెక్కల్లో కొత్తగా కనిపెట్టడానికి ఇంకేముంది?" అని. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు మా గైడు సార్ రూమే కళ్ళముందుకొస్తుంది. వేరే డిపార్ట్‌మెంట్లలో రీసెర్చ్ అంటే ల్యాబ్ ఉంటుంది, ఎక్విప్‌మెంట్ ఉంటుంది, పక్క టేబుల్ దగ్గర సీనియర్ ఉంటాడు, ఏమీ తోచకపోయినా చేతికి ఏదో ఒక పని తగులుతుంది. మాకు అవేవీ లేవు. ఒక ప్రాబ్లం, ఒక కాయితాల కట్ట, వారాల తరబడి ఒక్క లైను కూడా ముందుకు కదలని రోజులు, అంతే. అలాంటి చోట స్కాలర్ నిలబడతాడా మధ్యలో మానేసి వెళ్ళిపోతాడా అన్నది సగానికి సగం గైడు చేతిలోనే ఉంటుంది. చాలా తెలివైనవాళ్ళు మధ్యలో ఆపేసి వెళ్ళిపోవడం చూశాను, మెల్లిగా అడుగులేసేవాళ్ళు చక్కగా పూర్తి చేయడమూ చూశాను, రెంటికీ మధ్య తేడా ఎక్కువసార్లు గైడే.

మా సార్ సబ్జెక్ట్ ఆపరేటర్ థియరీ, అంటే ఒక ఫంక్షన్‌నో వెక్టర్‌నో ఇంకోదానిగా మార్చే ఆపరేటర్ల గురించిన లెక్కలు. లెక్చరర్‌గా చేరిన డిపార్ట్‌మెంట్‌లోనే ప్రొఫెసర్ అయ్యారు, కొన్నాళ్ళు హెడ్‌గా చేశారు, అక్కడే రిటైరయ్యారు. పేపర్లు చూస్తే ఆయన తోటివాళ్ళకంటే తక్కువే ఉంటాయి. ఎందుకు తక్కువో బయటివాళ్ళకి తెలీదు, మాకు తెలుసు. అది చెప్పాలంటే ఆ రిజిస్టరు గురించి చెప్పాలి.

ఆయన టేబుల్ మీద ఒక పొడుగాటి రిజిస్టరు ఉండేది, ఆఫీసుల్లో అటెండెన్స్‌కి వాడతారే అలాంటిది, గట్టి అట్టది. అంచులు నలిగిపోయి ఉండేవి. లోపల ఎడమవైపు నంబరు, మధ్యలో ప్రశ్న, కింద ఆయన అప్పటిదాకా చేసిన ప్రయత్నం ఎక్కడ ఆగిందో రెండు మూడు లైన్లలో. కుడివైపు మార్జిన్ ఖాళీ. చదువుతున్నప్పుడో పాఠం చెబుతున్నప్పుడో తోచిన ప్రతి ప్రశ్నా అందులోకి ఎక్కేది. వాటికి ఆయన పెట్టుకున్న గుర్తులు కూడా ఉండేవి. ఒక టిక్కు ఉంటే కష్టపడితే కచ్చితంగా అవుతుంది, సున్నా చుడితే అవ్వొచ్చు అవ్వకపోవచ్చు, ఏ గుర్తూ లేకపోతే నాకు అంతుబట్టలేదు అని. కొత్తగా చేరిన స్కాలర్‌కి ఎప్పుడూ టిక్కు ఉన్నదే ఇచ్చేవారు. "మొదటిది అయిపోవాలమ్మా, ఎంత చిన్నదైనా ఫరవాలేదు, నేను కూడా ఒక థీరమ్ ప్రూవ్ చేయగలను అని నీకు నువ్వు నమ్మకం తెచ్చుకోవాలి, అది వచ్చాక సున్నా దగ్గరికి వెళ్దాం" అనేవారు. ప్రాబ్లం తేలగానే కుడి మార్జిన్‌లో ఆ స్టూడెంట్ పేరూ తేదీ రాసేవారు. ఆయన పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు.

పేపర్ మీద కూడా అంతే. మ్యాథ్స్‌లో పేర్లు అక్షరక్రమంలో వేయడం మామూలు, ఎవరు సీనియర్ ఎవరు జూనియర్ అన్న లెక్క ఉండదు, గైడు అయినంత మాత్రాన పేరు పెట్టేయడం కూడా చాలాచోట్ల ఉండదు. కానీ మా సార్ ఇంకో అడుగు ముందుకెళ్ళారు. మా సీనియర్ ఒకాయన థీసిస్‌లో ముఖ్యమైన థీరమ్‌కి సగం లెక్క సార్ ఏళ్ళ తరబడి చేసి పెట్టుకున్నదే, రిజిస్టర్‌లో ఏ గుర్తూ లేని ప్రశ్న అది. ఆ కాయితాలన్నీ ఒక కవర్లో పెట్టి ఆయన చేతికిచ్చి, "ఇక్కడి నుంచి నాకు దారి దొరకలేదు, నువ్వు చూడు" అన్నారట. ఆయన చూశాడు, దారి దొరికింది, పేపర్ అచ్చయినప్పుడు ఒక్క పేరే ఉంది. ఆయన బతిమాలినా సార్ ఒప్పుకోలేదు. "మలుపు తిప్పింది నువ్వు, నేను రోడ్డు చివర నిలబడ్డవాణ్ణి" అన్నారు. ప్రమోషన్లకీ అవార్డులకీ పేపర్లు లెక్కపెట్టే పద్ధతిలో ఇలాంటి పని ఎక్కడా కనపడదు. ఆ పద్ధతి తప్పని నేను గట్టిగా నమ్ముతాను, ఎంతమంది స్టూడెంట్స్ సొంతకాళ్ళ మీద నిలబడ్డారన్నది కూడా ఒక గైడు కెరీర్‌లో భాగమే, అసలు పెద్ద భాగం అదే.

గురువారం మధ్యాహ్నం సెమినార్. అది ఎప్పుడూ ఆగలేదు, పరీక్షలున్నా ఆగలేదు, ఆయన హెడ్‌గా ఉండి మీటింగుల మీద మీటింగులున్న రోజుల్లో కూడా టైము మార్చేవారే తప్ప రద్దు చేసేవారు కాదు. మాలో ఒకళ్ళు బోర్డు దగ్గర నిలబడి చెప్పాలి, చేతిలో కాయితం ఉండకూడదు. సార్ చివరి బెంచీలో కూర్చునేవారు. మొదట్లో అక్కడెందుకు కూర్చుంటారో తెలిసేది కాదు, తర్వాత అర్థమైంది, ముందు కూర్చుంటే చెప్పేవాడు ఆయన ఒక్కరికే చెబుతాడు, వెనక ఉంటే రూమంతటికీ చెప్పాల్సొస్తుంది.

ఒక సెమినార్ నాకు బాగా గుర్తుంది. అప్పుడే చేరిన జూనియర్ కుర్రాడు ఒక ప్రూఫ్ చేస్తూ లిమిట్‌నీ ఇంటిగ్రల్‌నీ (ఇంటిగ్రల్ అంటే గ్రాఫు కింద ఏరియా అనుకోండి) చటుక్కున అటూ ఇటూ మార్చేసి ముందుకెళ్ళిపోతున్నాడు. సార్ ఎప్పుడూ తప్పు అనరు, "ఇక్కడ నాకు అర్థం కాలేదు నాయనా" అంటారు, ఆ మాట వినగానే మేమందరం సర్దుకుని కూర్చునేవాళ్ళం. లేచొచ్చి బోర్డు మీద ఒక అడ్డగీత గీసి, సున్నా నుంచి ఒకటి దాకా మార్కు చేసి, సున్నాకీ 1/2కీ మధ్య రెండు ఎత్తున ఒక దీర్ఘచతురస్రం గీశారు. పక్కనే సున్నా నుంచి 1/5 దాకా అయిదు ఎత్తున ఇంకోటి, సన్నగా పొడుగ్గా. తర్వాత సున్నా నుంచి 1/10 దాకా, పది ఎత్తు అంటే బోర్డు దాటిపోతుందని అక్కడితో సుద్దముక్క ఆపేసి, "దీని ఏరియా ఎంత?" అన్నారు. "ఒకటి సార్." "ముందుదానిది?" "అదీ ఒకటే సార్." "అంటే ఎంత దూరం పోయినా ఒకటే కదా. సరే, ఇప్పుడు నువ్వు సున్నాకి కుడివైపు ఏదో ఒక పాయింట్ దగ్గర కదలకుండా నిలబడు. ఇవి సన్నబడుతూ పోతుంటే నీ నెత్తిమీద ఎంత ఎత్తుంటుంది?" కుర్రాడు కాసేపు చూసి, "మొదట కొన్నిసార్లు ఉంటుంది సార్, తర్వాత సున్నా" అన్నాడు. "ప్రతి పాయింట్ దగ్గరా అంతేనా?" "అంతే సార్." "మరి లిమిట్ సున్నా అయితే దాని ఇంటిగ్రల్ సున్నా, కానీ ఇంటిగ్రల్స్ అన్నీ ఒకటి, ఆ ఒకటి ఎటు పోయింది?"

రూమంతా నిశ్శబ్దం. ఆ తర్వాత, లిమిట్‌నీ ఇంటిగ్రల్‌నీ ఎప్పుడు అటూ ఇటూ మార్చొచ్చో చెప్పే లెబెగ్ థీరమ్ కండిషన్ గురించి, ఫంక్షన్లన్నిటి మీదా కప్పు లాగా కదలకుండా ఉండే ఒక ఇంటిగ్రబుల్ ఫంక్షన్ ఎందుకు కావాలో ఆ బొమ్మ మీదే చూపించారు. ఆ దీర్ఘచతురస్రాలకి అలాంటి కప్పు దొరకదు, అందుకే ఆ ఒకటి జారిపోయింది. "నీ ఫంక్షన్లకి దొరుకుతుందో లేదో నువ్వే చూసుకుని వచ్చే వారం చెప్పు" అని వెళ్ళి మళ్ళీ వెనక బెంచీలో కూర్చున్నారు. దొరికింది, ప్రూఫ్ నిలబడింది. ఇది ఏ ఎమ్మెస్సీ పుస్తకంలోనైనా ఉండే ఉదాహరణే, నేనూ ముందు చదివిందే, పరీక్షలో రాసిందే. కానీ ఆ ఒకటి ఎటు పోయింది అని అడిగిన తర్వాత ఆ థీరమ్ ఇంక మర్చిపోవడం నావల్ల కాదు. ఇప్పుడు నేను క్లాసులో అదే బొమ్మ గీస్తాను, అదే వరసలో, పది ఎత్తు దీర్ఘచతురస్రం దగ్గర అలాగే ఆపుతాను.

సెమినార్ అయ్యాక ఎవరూ కదిలేవాళ్ళం కాదు, ఎందుకంటే అప్పుడు కథలుండేవి. సార్‌కి మ్యాథమెటీషియన్ల జీవితాలంటే ప్రాణం, కానీ ఊరికే చెప్పేవారు కాదు, ఆ వారం మాలో ఎవరికి ఏం కావాలో చూసుకుని చెప్పేవారని నాకు చాలా తర్వాత తెలిసింది. ఒకసారి నా పేపర్ జర్నల్‌కి పంపి ఏడాది దాటినా రిపోర్ట్ రాలేదు, ఇంక రాదేమో, తీసుకుని ఇంకోచోటికి పంపేద్దామా అని నేను కిందామీదా పడుతుంటే ఎన్‌ఫ్లో గురించి చెప్పారు. బానాక్ స్పేస్ అనే ఒక రకం స్పేస్ మీద, ఇన్వేరియంట్ సబ్‌స్పేస్ (ఆపరేటర్ కదిపినా తనలోనే ఉండిపోయే భాగం) లేని ఆపరేటర్ ఉందని పెర్ ఎన్‌ఫ్లో అనే మ్యాథమెటీషియన్ 1975లో ప్రకటించాడు, పూర్తి ప్రూఫ్ అచ్చయ్యేసరికి 1987. అంత చిక్కటి ప్రూఫ్ అది, చదివి సరేననడానికే ఏళ్ళు పట్టింది. "నీది ఎవరో ఒకాయన కూర్చుని లైను లైనూ చదువుతున్నాడనుకో, జీతం లేకుండా నీకోసం చదువుతున్నాడు, కాస్త టైమివ్వు" అన్నారు. జర్నల్ తరఫున పేపర్ చదివి చూసే రెఫరీ అంటే శత్రువు కాదు అని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

డాంట్జిగ్ కథ అయితే ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవారు. 1939లో బర్కిలీలో జెర్జీ నేమన్ అనే ప్రొఫెసర్ క్లాసుకి జార్జ్ డాంట్జిగ్ అనే స్టూడెంట్ లేటుగా వెళ్ళాడు, బోర్డు మీద రెండు ప్రాబ్లమ్స్ ఉంటే హోంవర్క్ అనుకుని రాసుకున్నాడు, ఈసారి మామూలు కంటే కష్టంగా ఉన్నాయే అనుకుంటూ చేసి తెచ్చిచ్చాడు. అవి స్టాటిస్టిక్స్‌లో అప్పటిదాకా ఎవరికీ తేలని ప్రాబ్లమ్స్. ఈ కథ అందరూ చెబుతారు, కానీ సార్ చెప్పేది మిగతా సగం. ఆదివారం పొద్దున్నే నేమన్ స్వయంగా డాంట్జిగ్ ఇంటికెళ్ళి తలుపు కొట్టాడు, పేపర్ పంపించడానికి ముందుమాట రాసి పట్టుకెళ్ళాడు, తర్వాత ఈ కుర్రాడు థీసిస్‌కి ఏం టాపిక్ తీసుకోవాలా అని మథనపడుతుంటే ఆ రెండూ బైండు చేసి ఇచ్చెయ్, అదే థీసిస్ అన్నాడు. "స్టూడెంట్ గొప్పవాడు సరే, ఆ ప్రొఫెసర్‌ని చూడండి, ఆదివారం పొద్దున్నే లేచి స్టూడెంట్ ఇంటికెళ్ళాడు" అనేవారు.

ఆర్.ఎల్. మూర్ గురించి మాత్రం ఆయన మాటల్లో రెండు రకాల స్వరం ఉండేది. టెక్సాస్ యూనివర్సిటీలో మూర్ పద్ధతి అంటే పుస్తకం చూడకూడదు, ఒకళ్ళనొకళ్ళు అడగకూడదు, ఆక్సియమ్స్, అంటే ప్రూఫ్ లేకుండా ఒప్పుకుని మొదలుపెట్టేవి, ఇస్తాడు, ప్రతి థీరమ్ ఎవరికివాళ్ళే ప్రూవ్ చేసి బోర్డు మీద చూపించాలి. 50 మందిని పీహెచ్‌డీ చేయించాడు, అందులో చాలామంది పెద్ద పేరు తెచ్చుకున్నారు. మా సెమినార్‌లో కాయితం లేకుండా నిలబెట్టడం కూడా కొంత అక్కడి నుంచి వచ్చిందే. కానీ అదే మూర్ నల్లజాతి స్టూడెంట్స్‌ని తన క్లాసులోకి రానివ్వలేదు, వివియన్ మలోన్ మేయస్ అనే ఆమెకి అక్కడ తలుపు మూసేశాడు, ఆమె అదే యూనివర్సిటీలో 1966లో పీహెచ్‌డీ పూర్తి చేసింది. సార్ ఈ విషయం చెప్పేటప్పుడు గొంతు కాస్త గట్టిపడేది. "పద్ధతి తీసుకోండి, తలుపు మూయడం తీసుకోవద్దు" అనేవారు. ఆ వెంటనే ఎమ్మీ నోయెథర్ అనే మ్యాథమెటీషియన్ గురించి చెప్పేవారు, జర్మనీలోని గోటింగెన్‌లో నాలుగేళ్ళు జీతం లేకుండా, అక్కడి పెద్ద ప్రొఫెసర్ హిల్బర్ట్ పేరు మీద ప్రకటించిన క్లాసుల్లో పాఠాలు చెప్పి, 1919లో గానీ సొంతపేరుతో చెప్పే హక్కు రాలేదామెకి, 1933లో నాజీలు ఉద్యోగం తీసేస్తే స్టూడెంట్స్‌ని ఇంటికి పిలిచి పాఠాలు కొనసాగించింది. ఆమె కథ చెప్పి ఒక్క నిమిషం ఏమీ మాట్లాడేవారు కాదు.

నేను స్కూలంతా తెలుగు మీడియం, సెమినార్‌లో పక్కవాళ్ళందరూ గబగబా ఇంగ్లీషులో రాసుకుంటుంటే నేను తెలుగులో రాసుకునేదాన్ని, మధ్యమధ్యలో సింబల్స్. సార్ ఒకరోజు నా నోట్స్ తీసి చూసి ఏమీ అనకుండా ఇచ్చేశారు. 2014లో ఇరాన్‌కి చెందిన మరియమ్ మిర్జాఖానీకి మ్యాథ్స్‌లో చాలా పెద్ద గౌరవమైన ఫీల్డ్స్ మెడల్ వచ్చింది, ఆ మెడల్ వచ్చిన మొదటి మహిళ ఆమె. ఆ వారం సెమినార్‌కి ముందే నన్ను పిలిచి, "ఈవిడ హార్వర్డ్‌లో మెక్‌మలెన్ దగ్గర పీహెచ్‌డీ చేసేటప్పుడు ప్రశ్నలేమో ఇంగ్లీషులో అడిగేదట, నోట్స్ మాత్రం పర్షియన్‌లో రాసుకునేదట, నీ పద్ధతే" అన్నారు. అంతే అన్నారు, పెద్ద లెక్చరేమీ ఇవ్వలేదు. నేనప్పటి నుంచి ఆ నోట్‌బుక్ బెంచీ మీద తెరిచే పెట్టుకున్నాను.

దానికి ముందు ఏడాది యీతాంగ్ జాంగ్ వార్త వచ్చినప్పుడు కూడా ఇలాగే. రెండు ప్రైమ్ నంబర్ల మధ్య తేడా 7 కోట్ల లోపు ఉండే జతలు అనంతంగా ఉంటాయని ఆయన ప్రూవ్ చేశాడు, 7 కోట్లు పెద్ద సంఖ్యలా కనపడొచ్చు గానీ అప్పటిదాకా ఏ హద్దూ తెలీదు, అందుకని అది అంత పెద్ద విషయం. 1991లో పీహెచ్‌డీ అయ్యాక ఏళ్ళ తరబడి సరైన ఉద్యోగం లేదాయనకి, ఈ రిజల్ట్ వచ్చేసరికి యాభై దాటేసి ఉన్నాడు, న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీలో లెక్చరర్. మాలో ఒకామె పిల్లలు పెద్దయ్యాక రీసెర్చ్‌లోకి వచ్చింది, వయసు మీరాక ఎందుకిదంతా అని తనకి తనే బాధపడుతుండేది. సార్ ఆ వార్త ప్రింటు తీసి ఆమె టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఇంకా చిన్నచిన్న పనులు బోలెడు. ఫెలోషిప్ డబ్బులు నెలల తరబడి ఆగిపోయి ఇంటి అద్దె కట్టలేని స్థితి వచ్చినప్పుడు ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో కనుక్కుని, ప్రొఫెసర్ అయ్యుండి ఆయనే వెళ్ళి ఆ టేబుల్ ముందు నిలబడేవారు. ఈలోగా కావలసినవాళ్ళకి తన జేబులోంచి ఇచ్చేవారు, ఎవరికిచ్చారో మిగతావాళ్ళకి తెలిసేది కాదు, రిటైర్మెంట్ రోజు అందరం మాట్లాడుకున్నప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. యాభై దాటాక లెక్కల పేపర్లు టైపు చేసే లేటెక్ నేర్చుకున్నారు, ఆయన అవసరానికి కాదు, మా థీసిస్ ఫైల్స్‌లో ఎర్రర్ వస్తే మేం రాత్రుళ్ళు కూర్చుని ఏడుస్తున్నామని. చాప్టర్ ఇస్తే పెన్సిల్‌తోనే మార్కు చేసేవారు, 'సులువుగా చూడొచ్చు' అని రాసిన ప్రతిచోటా పక్కన చిన్న ప్రశ్నార్థకం, అంతే. ఆ ప్రశ్నార్థకాల దగ్గర కూర్చుంటే సగంసార్లు అక్కడ అసలైన పని దాక్కుని ఉండేది.

రికమెండేషన్ లెటర్ల సంగతి నాకు నేను గైడయ్యాకే అర్థమైంది. పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ ఉద్యోగానికి, అప్లై చేసే ప్రతిసారీ ఆయన మా పేపర్ మళ్ళీ మొదటి నుంచి చదివేవారు, ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరెవరు ఏం పని చేస్తున్నారో చూసి, ఈ స్టూడెంట్ చేసిన ఫలానా లెమ్మా (పెద్ద థీరమ్‌కి ఆసరాగా వాడే చిన్న రిజల్ట్) మీ ఫలానా పనికి ఎలా పనికొస్తుందో రాసేవారు. ఒకే లెటర్ పేర్లు మార్చి పంపించడం ఆయన చేత కాదు. నేనిప్పుడు ఒక లెటర్ అలా రాయాలంటే రెండు సాయంత్రాలు పడుతోంది, ఆయన ఏడాదికి అలాంటివి ఎన్ని రాసుంటారో తలుచుకుంటే పేపర్లు ఎందుకు తగ్గాయో ఇంకోసారి అర్థమవుతుంది.

మ్యాథమెటిక్స్ జీనియాలజీ ప్రాజెక్ట్ అని ఒకటుంది, హ్యారీ కూన్స్ అనే ప్రొఫెసర్ తన గైడుకి గైడు ఎవరో తెలుసుకోవాలని మొదలుపెట్టింది, ఇప్పుడు 3 లక్షల మందికి పైగా ఉన్నారందులో. ఎవరి దగ్గర ఎవరు చేశారు అని తరతరాలుగా పైకి వెళ్ళొచ్చు. సార్‌కి అది చూపిస్తే పైకి వెళ్ళలేదు, కిందికి వచ్చారు. మా పేర్లు, మా స్టూడెంట్స్ పేర్లు ఒక్కొక్కటీ నొక్కుతూ, "వీడు ఇప్పుడేం చేస్తున్నాడు? ఆ అమ్మాయి ప్రాబ్లం అయిందా?" అని అడుగుతూ కూర్చున్నారు. అప్పుడే ఆండ్రూ వైల్స్ విషయం కూడా ఎత్తారు, వందల ఏళ్ళు ఎవరికీ తేలని ఫెర్మా చివరి థీరమ్‌కి ఆయన 1993లో ప్రూఫ్ ప్రకటించాక అందులో ఖాళీ బయటపడితే, దాన్ని పూడ్చడానికి 1994లో తోడు కూర్చున్నది ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన రిచర్డ్ టేలరే. "స్టూడెంట్‌కి అంత శక్తి వచ్చేలా చెప్పాడు చూడు, తర్వాత తనకే అక్కరకొచ్చింది" అని చాలా సంతోషంగా అన్నారు, వాళ్ళిద్దరూ తనకి దగ్గరి చుట్టాలన్నంత సంతోషం.

సార్ ఇప్పటికీ చదువుతూనే ఉన్నారు. కళ్ళకి ఆపరేషన్ అయింది కాబట్టి పెద్ద అక్షరాలు చేసుకుని స్క్రీన్ మీద చదువుతున్నారు, మొన్న నా స్టూడెంట్ ప్రీప్రింట్ (ఇంకా అచ్చవ్వని పేపర్) పంపితే మూడో పేజీలో ఒక అసంప్షన్ అవసరమే లేదని ఫోన్ చేసి చెప్పారు, నిజంగానే అవసరం లేదు, అది తీసేస్తే థీరమ్ ఇంకా బలంగా అయింది. కుర్రాడు థాంక్స్ చెబుతూ పేరు రాస్తానంటే, "నీ గైడు పేరు రాయి చాలు" అన్నారట.

ఆ రిజిస్టరు ఇప్పుడు నా దగ్గరుంది. రిటైరైనప్పుడు ఇచ్చారు, సున్నా చుట్టినవి, గుర్తు లేనివి ఇంకా చాలా మిగిలున్నాయి. పేజీలు పెళుసెక్కుతున్నాయి కాబట్టి మొత్తం స్కాన్ చేసి, ప్రశ్నలన్నీ టైపు చేసి, ఏవి తేలాయో ఏవి ఇంకా మిగిలున్నాయో మార్కు చేసి స్కాలర్స్ అందరికీ అందేలా పెట్టాలని మేం కొందరం కూర్చుని పని మొదలుపెట్టాం. ఆపరేటర్ థియరీలో పేరున్న బ్యూర్లింగ్ థీరమ్ మీద ఆయన చెప్పిన పాఠాలు మాత్రం పూర్తిగా ఎవరి దగ్గరా లేవు, 1949 నాటి ఆ పేపర్‌ని ఆయన తన పద్ధతిలో విడమర్చి చెప్పిన వరస అది, నా నోట్స్‌లో మధ్యలో రెండు క్లాసులు లేవు. పాత బ్యాచ్‌ల వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, అటకమీదో బీరువాలోనో ఆ నోట్స్ ఉంటే, ఫోటోలు తీసి పంపినా చాలు, మిగతాది మేం టైపు చేసుకుంటాం.